తలారి అక్కయ్య మొండి గెలాక్సీ

ఆఫీసులో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ తలారి అక్కయ్య. మొదట్లో చాటున అనేవారు, తర్వాత ఎదురుగానే అనేశారు, చివరికి ఆవిడే ఫోనెత్తి "ఆ, తలారిని మాట్లాడుతున్నాను" అనేదాకా వచ్చింది. మనిషిని చూస్తే అంత హడలిపోవాల్సిందేమీ ఉండదు. పొట్టిగా, పీలగా, ముక్కు కొసకి జారిపోయే కళ్ళద్దాల్ని ఎగదోసుకుంటూ, ఎండాకాలంలో కూడా స్వెట్టరు తొడుక్కుని ఏసీని తిట్టుకుంటూ కూర్చుంటుంది. కానీ కుర్చీ మీ వైపు తిప్పి "ఏదీ, ఓసారి చూడనీ" అందంటే మాత్రం, మీరు నెలల తరబడి పెంచుకున్న ఆశకి నీళ్ళు వదులుకోవడమే మంచిది.

ఆవిడ తల తీసేది గెలాక్సీలకి. సంగతేమిటంటే, ప్రతి పెద్ద గెలాక్సీ నడిబొడ్డునా ఒక మహా కృష్ణబిలం ఉంటుంది. లక్షల, కోట్ల సూర్యుళ్ళంత బరువు. చుట్టూ ఉన్న వాయువుని మింగుతున్నంతసేపూ ఆ వాయువు కాగిపోయి ధగధగలాడుతుంది. రెండు గెలాక్సీలు ఒకదాంట్లో ఒకటి పడిపోతే, వాటి కృష్ణబిలాలు కూడా ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి ఒకనాటికి కలిసిపోతాయి. కలిసే క్షణంలో ఎగసే గురుత్వ తరంగాలు ఒక పక్కకి ఎక్కువగా పోయాయనుకోండి, తుపాకి పేల్చినవాడి భుజం వెనక్కి తన్నినట్టు, కలిసి ఒకటైన కృష్ణబిలం రెండో పక్కకి తన్నుకుపోతుంది. పోతూ పోతూ కాగే వాయువుని కొంత మూటగట్టుకుని మరీ పోతుంది. అప్పుడు ఆ వెలుగు గెలాక్సీ నడిమధ్యన కాకుండా కాస్త పక్కన కనిపించాలి. ఉండితీరాలని లెక్కలు చెబుతున్నాయి. ఇదిగో ఇదే అని నలుగురూ ఒప్పుకునేలా మాత్రం ఇంతవరకూ ఎవరూ చూపించలేకపోయారు. ఆ "కాస్త పక్కన" కోసం, పట్టుమని పదిమంది లేని ఆ ఆఫీసు తన బతుకంతా ధారపోస్తోంది.

వచ్చిన చిక్కల్లా, పక్కన కనిపించిందల్లా పక్కన ఉన్నట్టు కాదు. గెలాక్సీకి అడ్డంగా ఒక దుమ్ముపట్టీ ఉంటే, అది సగం కప్పేసి, మధ్య ఎక్కడో తెలియనివ్వదు. పాత గుద్దులాట మిగిల్చిన నక్షత్రాల తోక ఒకటి వేలాడుతుంటే, కంప్యూటరు మధ్యని లెక్కగట్టేటప్పుడు ఆ తోక వైపుకి జరిగిపోతుంది. వెనకెక్కడో ఉన్న వేరే గెలాక్సీ తొంగిచూడొచ్చు. ఆ ఆఫీసు పెట్టిన కొత్తలో, వాళ్ళ పెద్దాయన తొందరపడి, పారిపోతున్న కృష్ణబిలం దొరికిందని లోకమంతా టాంటాం వేశాడు. తీరా చూస్తే అది దారిలో అడ్డంగా నిలబడ్డ మన ఇరుగుపొరుగు నక్షత్రం. ఆ తర్వాత చాలాకాలం ఊళ్ళోవాళ్ళు ఫోను చేసి "మీ నక్షత్రం కులాసాయేనా" అని అడిగేవారట. ఆ దెబ్బకి పెద్దాయన ఒక కట్టుబాటు పెట్టాడు. ఎవరికైనా ఒక గెలాక్సీ మీద అనుమానం తగిలితే, వాళ్ళే తమకో తలారిని ఎంచుకోవాలి. తలారి పని ఒక్కటే, దాన్ని ఎలాగైనా చంపడం, అంటే ఉత్తదే అని తేల్చడం. అతని పని అయ్యేదాకా సొంతదారు ఆ గెలాక్సీ ఫైలు తెరవకూడదు, ఎంతవరకు వచ్చిందని అడగకూడదు. ఆఖరికి అందరి ముందూ నిలబడి తలారి ఒక్క మాట చెబుతాడు, చచ్చిందనో, చావలేదనో.

మెత్తటివాణ్ణి ఎంచుకుంటే పోలేదా అని మీకు అనిపించొచ్చు. అలాంటివాడు ఒకాయన ఉన్నాడు కూడా, ఏది చెప్పినా సరే అంటాడని ఆయన్ని సరేగారు అంటారు. కానీ సరేగారు బతకనిచ్చిన గెలాక్సీని బయట ఎవరూ నమ్మరు, పెద్ద టెలిస్కోపు వాళ్ళు సమయం ఇవ్వరు. అందుకని గుండె దిటవు ఉన్నవాళ్ళు అక్కయ్య దగ్గరికే వచ్చేవారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళారు. ఆవిడ చేతిలో ఒక్కటీ బతకలేదు.

అలా పోయినవాటిలో నిదానంది కూడా ఉంది. నిదానం అంటే ఆ ఆఫీసులోనే అక్కయ్యకన్నా నాలుగైదేళ్ళు చిన్నవాడు. ఒక మాట అన్నాక రెండో మాట వచ్చేలోపు మీరు కాఫీ తాగి రావచ్చు. చేరిన రోజునుంచీ "అక్కయ్యా, అక్కయ్యా" అని ఆవిడ వెంటే తిరిగేవాడు. ఒకసారి ఆయనకి బ్రహ్మాండమైన గెలాక్సీ దొరికింది. వెలుగు పక్కకి జరిగి ఉండడమే కాదు, రెండో సాక్ష్యం కూడా ఉంది. వర్ణపటం, అంటే వెలుగుని రంగులుగా విడదీసిన పట్టీ, దాంట్లో కృష్ణబిలం దగ్గరి వాయువు గీతలు గెలాక్సీ గీతలతో కలవకుండా పక్కకి తప్పుకుని ఉన్నాయి. ఆ వాయువు గెలాక్సీతో సంబంధం లేకుండా తన దారిన తాను పోతోందన్నమాట. అక్కయ్య ఆర్కైవులు తిరగేసి, అదే గెలాక్సీకి ఎవరో ఎప్పుడో తీసి మూలపడేసిన పాత వర్ణపటం బయటికి లాగింది. అందులో గీతలు వేరేచోట ఉన్నాయి. తన్ను తిన్న కృష్ణబిలం పదేళ్ళలో వేగం మార్చుకోదు. గీతలు జరుగుతున్నాయంటే అది అక్కడే ఉంది, చుట్టూ వాయువు సుడి తిరుగుతోంది, అంతే. మీటింగులో "చచ్చింది" అని చెప్పి కూర్చుంది. ఆ మర్నాటి నుంచి నిదానానికి ఆవిడ అక్కయ్య కాకుండా పోయింది, మేడమ్ అయింది. ఆవిడ కూడా బిగుసుకుపోయి మీరు, అండీ అనసాగింది. ఒకే వరండాలో ఏళ్ళకేళ్ళు అలా గడిచాయి.

ఇంట్లో అక్కయ్యకి తోడు చెల్లెలు. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. పెళ్ళి చేసుకుని, అది పెటాకులయ్యాక పెట్టె సర్దుకుని అక్క దగ్గరికి వచ్చేసింది. వంటింటి కిటికీ గట్టు మీద ఎవరెవరివో ప్లాస్టరు దవడలు ఆరుతుంటాయి. అక్కయ్య అసలు పెళ్ళే చేసుకోలేదు. వచ్చిన ప్రతివాడిలోనూ మా అక్క ఏదో ఒక దుమ్ముపట్టీ కనిపెట్టేసింది అని చెల్లెలు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. అక్కయ్య కాదనదు.

ఇదిలా ఉండగా, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతుందనగా, అక్కయ్యకే ఒక గెలాక్సీ దొరికింది. వేరే పని మీద బొమ్మలు తిరగేస్తుంటే కంటబడింది. వెలుగు రెండు పిక్సెళ్ళు పక్కకి ఉంది. అలవాటు చొప్పున చంపబోయింది. దుమ్ము గుండా చూడగలిగే పరారుణ బొమ్మ తెచ్చి చూసింది, చావలేదు. తోకని మూసేసి మధ్యని మళ్ళీ లెక్కగట్టింది, చాలావరకు నిలబడింది. వర్ణపటం తీయించింది, గీతలు పక్కకి తప్పుకుని ఉన్నాయి. పాతవాటి కోసం వెతికింది, ఏమీ లేవు. దానికి టెలిఫోను నంబరంత పేరు ఉంది గాని, ఆవిడ మాత్రం మొండిది అని పిలవడం మొదలుపెట్టింది. నాకూ ఒకటి ఉంది అనే మాట మనసులోకి వచ్చినందుకే ఆవిడకి సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఇతరుల ఆశలతోనే సరిపోయింది, సొంత ఆశ ఎలా ఉంటుందో తెలియదు. తెలిశాక భయమేసింది.

తలారిని ఎంచుకోవాల్సి వచ్చింది. సరేగారిని పెట్టుకో, ఇంత చేశాక నిన్నెవడు అనుమానిస్తాడు అంది చెల్లెలు. పెద్దాయన కూడా దగ్గుతూ దగ్గుతూ ఇంచుమించు అదే అన్నాడు. ఒకరోజంతా అక్కయ్య ఆ మాట చుట్టే తిరిగింది. సరేగారి గది గుమ్మం దాకా వెళ్ళి, ఆయన లేచి నిలబడేసరికి, స్టేప్లరు అడిగి తెచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే నిదానం బల్ల దగ్గరికి వెళ్ళి, "మీరే చూడాలండీ" అంది. ఆయన చాలాసేపు ఆవిడ మొహంలోకి చూసి, తలూపాడు. తన మీద కసి ఉన్నవాడే ఏదీ వదలకుండా వెతుకుతాడని ఆవిడ లెక్క.

నాలుగు నెలలు పట్టింది. అక్కయ్య ఫైలు తెరవలేదు, ఎదురుపడ్డా అడగలేదు. కానీ మనిషి మారిపోయింది. కిటికీ దగ్గర నిలబడి కూనిరాగాలు తీసేది. ఒక కుర్రవాడి గెలాక్సీ చంపాక, పాపం వాడికి తనే టీ పోసి ఇచ్చింది, ఆ టీ తాగాలా వద్దా అని వాడు భయపడ్డాడు. ఇంట్లో దవడలు ఆరబెట్టిన గట్టు మీద వంకాయ తరుగుతూ, అది నిజమే అయితే సమయం కోసం పెద్ద టెలిస్కోపు వాళ్ళకి రాయాలి, నా పేరు మీదే రాస్తారు అని చెల్లెలితో నాలుగైదుసార్లు అంది. చెల్లెలు ప్రతిసారీ కొత్తగా విన్నట్టే విన్నది.

మీటింగు రోజున నిదానం లేచాడు. దుమ్ము చూశానన్నాడు, తోక చూశానన్నాడు, అడ్డొచ్చిన నక్షత్రమేమో చూశానన్నాడు, వెనక గెలాక్సీ ఏదైనా ఉందేమో చూశానన్నాడు, తన ధోరణిలో తాపీగా ఒక్కొక్కటీ చూపించుకొచ్చాడు. ఆఖర్న "చావలేదు" అన్నాడు. గదంతా లేచి నిలబడింది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సరేగారు చప్పట్లు కొడుతూనే ఉన్నాడు, ఆపమని ఎవరో చెప్పాల్సి వచ్చింది. జారిన కళ్ళద్దాల్ని ఎగదోసుకోవడం కూడా మర్చిపోయి అక్కయ్య కుర్చీలోనే ఉండిపోయింది. సంతోషం అంటే ఇదన్నమాట అనుకుంది.

ఆ సాయంత్రం చెల్లెలు పని మానుకుని వచ్చి, అక్కని కావలించుకుని, బజార్లో హోటలుకి లాక్కుపోయింది. ఇంతకీ ఆయన ఏమేం చూశాడు, మొదట్నుంచీ చెప్పు అంది. అక్కయ్య ఉత్సాహంగా వేళ్ళు మడుస్తూ చెప్పింది. దుమ్ము. తోక. అడ్డు నక్షత్రం. వెనక గెలాక్సీ. మడవడానికి ఇంకో వేలు మిగిలింది. ఆ వేలు అలాగే పట్టుకుని ఆగిపోయింది. నిదానం పాత వర్ణపటాల మాటే ఎత్తలేదు. వెతికాను, దొరకలేదు అని కూడా అనలేదు. ఇంకెవరైనా మర్చిపోయారంటే నమ్మొచ్చు. ఆ ఒక్కదానితోనే తన గెలాక్సీని పోగొట్టుకున్న మనిషి అది మర్చిపోవడమేమిటి? చెల్లెలు ఏమైందక్కా అని అడిగితే, ఏం లేదు, కారం తగిలింది అని చెప్పి నీళ్ళు తాగింది.

పొద్దున ఆఫీసుకి వెళ్ళి ఆర్కైవు తెరిచింది. తను వెతికిన తర్వాత ఒక పాత పరిశీలనాశాల తన వర్ణపటాలన్నీ అందులో చేర్చింది. మొండిది అందులో ఉంది. పాత వర్ణపటాన్ని కొత్తదాని మీద పరిచింది. పాతదాంట్లో గీతలు ఎంత దూరం తప్పుకున్నాయో, కొత్తదాంట్లో అందులో సగం కూడా లేదు. అది కదులుతున్న కృష్ణబిలం కాదు, సుడి తిరుగుతున్న వాయువు. వర్ణపటం సాక్ష్యం పోయాక ఆ రెండు పిక్సెళ్ళు ఒంటరివైపోయాయి, వాటిని ఆ తోకే లాగిందంటే కాదనే దమ్ము ఎవరికీ లేదు. అక్కయ్య రెండు వర్ణపటాల్నీ మూసేసి లేచింది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

నిదానం వరండా చివర సింకు దగ్గర తన కప్పు కడుక్కుంటున్నాడు.

"పాత వర్ణపటం చూశావా?" అంది. ఏళ్ళ తరబడి పెట్టుకున్న మీరు, అండీ ఎక్కడికి పోయాయో ఆవిడకే తెలియదు.

ఆయన తిరగకుండానే "చూశాను" అన్నాడు.

"ఎప్పుడు?"

"మొదటి వారంలోనే."

మరి నాలుగు నెలలు ఏం చేశావని అడిగింది. ఆయన కప్పు బోర్లించి, చేతులు తుడుచుకుని, మెల్లిగా చెప్పుకొచ్చాడు. మొదట పాతదాంట్లోనే ఏదో లోపం ఉందేమో అని వెతికాడట, లేదు. తర్వాత ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కున్నాడట, దొరకలేదు. "ఒకరోజు మీరు కిటికీ దగ్గర నిలబడి పాట పాడుకుంటున్నారు. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వినలేదు. మీకు ఒక్కటైనా మిగలాలనిపించింది, అక్కయ్యా."

"నిన్నెందుకు పెట్టుకున్నానో తెలుసా? నా మీద నీకు కసి ఉందని."

ఆయనకి నవ్వొచ్చింది. కసి ఏడాది పాటు ఉండేదనీ, మీరు చేసింది సబబేనని ఆ తర్వాత అర్థమైందనీ, కానీ అప్పటికే మేడమ్ అనడం నోటికి అలవాటైపోయి, మళ్ళీ ఎలా మార్చాలో తెలియలేదనీ అన్నాడు. కొంచెం ఆగి, "మీకు మాత్రం ఆ రోజు జాలన్నదే కలగలేదు కదా" అన్నాడు. నిష్ఠూరమాడలేదు, తెలిసిన సంగతి చెప్పినట్టే చెప్పాడు.

అక్కయ్యకి ఆ మాట ఎక్కడో తగిలింది. "ఆ రోజు మీటింగుకి ముందు బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను. మొహం కడుక్కుని వచ్చి చెప్పాను."

నిదానం తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు. "అది నాకు చెప్పి ఉండాల్సింది" అన్నాడు.

"చెబితే నీ గెలాక్సీ బతికేదా?"

"బతికేది కాదు. నేనొక్కణ్ణే ఏడ్చాననుకుంటూ ఇన్నేళ్ళు ఉండేవాణ్ణి కాదు."

గెలాక్సీలో తప్పు పట్టడం వచ్చినంత తేలిగ్గా తన తప్పు పట్టుకోవడం ఆవిడకి ఎప్పుడూ అలవాటు లేదు. జాలిపడితే చేతులు వణుకుతాయని, జాలిని ఎవరికీ కనబడనివ్వకుండా దాచుకుంది. ఈయన జాలిపడి ఏకంగా నిజాన్నే దాచేశాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ తప్పు చేశారో తూచే ఓపిక ఆ క్షణాన ఆవిడకి లేదు. మీటింగులో ఆ మాట నువ్వే చెప్పాలి అని మాత్రం అంది. చంపే హక్కు సొంతదారుకి లేదు, తలారికే ఉంది. చెబుతానన్నాడు.

మీటింగులో ముందు వరసలో, సొంతదారు కూర్చునే కుర్చీలో అక్కయ్య కూర్చుంది. నిదానం లేచి, నేను కిందటిసారి అబద్ధం చెప్పాను అని మొదలుపెట్టాడు. పెద్దాయన మొహం జేవురించింది, ఏదో అనబోతే అక్కయ్య చెయ్యెత్తి ఆపింది. తెర మీద పాత గీతలూ కొత్త గీతలూ పక్కపక్కన పడ్డాయి. ఆ గదిలో వాటిని చదవలేనివాళ్ళు ఎవరూ లేరు. వెనక ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

తలారిగా నిలబడ్డ ప్రతిసారీ అక్కయ్య తెర వైపు తిరిగే మాట్లాడేది, ఆ మాట కూడా తెరకే చెప్పి కూర్చునేది. ఎదురుగా కుర్చీలో ఉన్నవాళ్ళ మొహం ఒక్కసారీ చూడలేదు. నిదానం తెరని వదిలేసి ఆవిడ వైపు తిరిగాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ చూపు తిప్పుకోబోయి, తిప్పుకోలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. కళ్ళద్దాల కిందనుంచి బుగ్గల మీదికి కారిపోతుంటే తుడుచుకోకుండా కూర్చుంది. ఆఫీసంతా చూసింది.

ఆయన చెప్పాల్సిన మాట చెప్పాడు గాని, గొణిగినట్టు వచ్చింది.

"వెనకవాళ్ళకి వినపడలేదు, నిదానం" అంది అక్కయ్య. "గట్టిగా చెప్పు."

ఆయన ఆవిడ మొహం వైపు చూస్తూనే, ఇంకోసారి గట్టిగా చెప్పాడు.